చీమకుర్తి చుక్కల రాయి వంటింటికి వచ్చేదాకా

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని ఇరవై కిలోమీటర్లు దాటితే చీమకుర్తి. ఊరు రాకముందే లారీలు ఎదురవుతాయి. ఒక్కో ట్రెయిలర్ మీద ఒకటో రెండో నల్లటి దిమ్మలు, అంతే. బండి సగం ఖాళీగా పోతున్నట్టే ఉంటుంది గానీ టైర్ల వంక చూస్తే బరువెంతో తెలుస్తుంది. రామతీర్థం వైపు క్వారీల్లో నేల మెట్లు మెట్లుగా లోపలికి దిగిపోయి ఉంటుంది. అడుగున పనిచేసే ప్రొక్లెయిన్లు పైనుంచి చూస్తే పిల్లల బొమ్మల్లా కనిపిస్తాయి.

ప్రపంచమంతా 'బ్లాక్ గెలాక్సీ' అని పిలిచే రాయి ఇక్కడిదే. నలుపు మీద బంగారు పొడి చల్లినట్టుండే ఆ చుక్కలు బంగారమేమీ కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రం లెక్కలో అసలిది గ్రానైటే కాదు, గాబ్రో జాతి. వ్యాపారానికి ఆ పట్టింపు లేదు. గట్టిగా ఉండి, పాలిష్ పడితే గ్రానైటే!

రాతిని కోసేది తీగ. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి రంధ్రాలు వేసి, అవి కలిసిన దారిలో వజ్రపు పూసలు గుచ్చిన తీగను దూర్చి, ఉచ్చులా కలిపి గిరగిరా తిప్పుతారు. పైన నీళ్లు పడుతూనే ఉండాలి. అలా విడిపోయిన దిమ్మ ఫ్యాక్టరీకి చేరి పలకలవుతుంది. గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా వరుసగా రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఇంతవరకూ యంత్రాల పని. ఆ పలకను మీ వంటగట్టుగా మార్చేది మాత్రం ఒక మేస్త్రీ, ఒక చేతి కట్టర్. అది చూడ్డానికి చీమకుర్తి దాకా రానక్కర్లేదు, మీ వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు.

షాపులో మెరుపు చూసి మురిసిపోకండి. నల్ల రాయి అయితే థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడిందా, రంగు వేసిన సరుకే. కొలతలు మాత్రం గోడలకు ప్లాస్టరింగ్ అయ్యాకే తీయించండి. మన ఇళ్లలో రెండు గోడలు కలిసే మూల నికరంగా మూలమట్టానికి ఉండటం అరుదు. అందుకే మంచి మేస్త్రీ టేపును నమ్మి ఊరుకోడు, అట్టముక్క పెట్టి మూల ఆకారం కత్తిరించుకుంటాడు. ఎత్తు సంగతి వంట చేసే మనిషిని నిలబెట్టి చూడాలి. మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉంటే భుజాలు లాగవు. కాంట్రాక్టర్లు ఇంటింటికీ ఒకే ఎత్తు పెట్టేసి పోతారు, నడుం నొప్పి మనకి!

18 మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పలక దాదాపు 80 కిలోలు తూగుతుంది. దాన్ని గాజుపలకలా నిలువుగానే మోయాలి. పడుకోబెట్టి ఎత్తితే తన బరువుకు తనే విరుగుతుంది. సింకు కోసం కోశాక ముందు మిగిలే సన్నటి పట్టీ మరీ ప్రమాదం. అందుకే చాలామంది కింద కడప బండ పరిచి, సింకు రంధ్రాన్ని అక్కడే కోస్తారు. కోసి తీసిన ముక్కను పారెయ్యనివ్వకండి, చపాతీలు ఒత్తుకోవడానికి దాన్ని మించింది లేదు.

అసలు చిక్కు ఆ కోతలోనే ఉంది. క్వారీలో తీగ మీద ధారగా పడే నీళ్లు వంటింట్లో కట్టర్ మీద పడవు. గోడలు తడుస్తాయని, కరెంటు కొడుతుందని పొడిగానే లాగించేస్తారు. పది నిమిషాల్లో ఇల్లంతా బూడిద పొగ, మేస్త్రీ మూతికి ఓ తువ్వాలు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చేది సిలికోసిస్, దానికి మందు లేదు. మన ఊళ్లకు రాతిపనికి చాలామంది రాజస్థాన్ నుంచే వస్తుంటారు. అక్కడి ప్రభుత్వం 2019లో ఈ జబ్బు కోసమే ప్రత్యేక విధానం తెచ్చింది. చుక్కల రాయిలో సిలికా మామూలు గ్రానైట్ కంటే తక్కువే. ఇప్పుడు ఫ్యాషనైన కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో మాత్రం చాలా ఎక్కువ. ఆస్ట్రేలియా వాటిని 2024 జులై 1 నుంచి నిషేధించేసింది.

కాబట్టి బేరమాడేటప్పుడే చెప్పండి, కోతలన్నీ బయట, నీళ్లు పోస్తూనే జరగాలని. నీళ్లు పోసే హెల్పర్‌కి ఇంకో కూలి అడుగుతారు. గెలాక్సీ రాయికి అడుగుకింత అని పెట్టినవాళ్లకి అదేం పెద్ద లెక్క కాదు.