దాచుకోలేని సంతోషం

మాంట్రియల్ నడిబొడ్డున ఉన్న కొండ మీద పెద్ద సిలువ ఉంది. ఊరి తూర్పు వైపు నుంచి చూస్తే, చీకటి పడ్డాక, ఆకాశంలో అదొక్కటే వెలుగుతూ కనిపిస్తుంది. దాని వెనక ఒక మొక్కుబడి కథ ఉంది. 1642 మే నెలలో మేజొన్నవ్ దొర, జాన్ మాన్స్ అనే నర్సమ్మ, వాళ్ల వెంట కొద్దిమంది ఫ్రాన్స్ నుంచి వచ్చి, ఆదివాసుల నేల అయిన ఈ లంక మీద ఒక చిన్న కోట కట్టుకున్నారు. మరియమ్మ పేరే దానికి పెట్టుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్ రోజుల్లో సెయింట్ లారెన్స్ నది పొంగింది. నీళ్లు కోట గుమ్మం దాకా వచ్చాయి. వరద తీస్తే కొండ మీదికి సిలువ మోసుకెళ్తానని మేజొన్నవ్ మొక్కుకున్నాడు. వరద తీసింది. 1643 జనవరి 6న, గడ్డకట్టే చలిలో, కర్ర సిలువను తన భుజం మీదే పెట్టుకుని అందరూ చూస్తుండగా కొండెక్కాడు. ఇప్పుడున్న ఉక్కు సిలువ 1924 నాటిది. 31 మీటర్ల పైచిలుకు ఎత్తు. దాని ఖర్చు కోసం బడిపిల్లలు ఊరంతా తిరిగి స్టాంపులు అమ్మారట.

అలా పుట్టిన ఊళ్లో ఇవాళ దేవుడి మాట ఎత్తితే మనుషులు ఇబ్బందిగా కదులుతారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఐస్ హాకీ గురించి, విడాకుల గురించి, జీతాల గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. "నిన్న రాత్రి దీని కోసం ప్రార్థన చేశాను" అని ఎవరైనా అంటే మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తమ ప్లేట్లలోకి చూసుకుంటారు. అందులో కోపం గానీ వెక్కిరింత గానీ ఉండవు. ఏం జవాబు చెప్పాలో తెలియకే అలా చేస్తారు.

మాది కాకినాడ. అక్కడ విశ్వాసం ఇంటి గోడ మీద ఉంటుంది. గేటు పక్కన పాలరాతి పలక మీద "ఎబినేజరు నిలయం", ఆటో వెనక అద్దం మీద "యెహోవా నా కాపరి", డిసెంబరు వస్తే డాబా మీద కాగితపు నక్షత్రం. ఫోన్ ఎత్తితే ముందు "వందనాలండీ", తర్వాతే సంగతులు. మా అమ్మ రాజమండ్రి బస్సులో పక్క సీటావిడను "ఎక్కడిదాకా అమ్మా?" అని పలకరిస్తుంది. సామర్లకోట దాటేసరికి ఆవిడ కోడలి కాన్పు సంగతి తెలిసిపోతుంది. ద్వారపూడి వచ్చేలోగా, "ఏమీ అనుకోకపోతే ఒక్క నిమిషం ప్రార్థన చేస్తానమ్మా" అని ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది. ఆ పక్కావిడ నుదుట ఇంత బొట్టు, మెడలో తులసిమాల. అయినా కళ్లు మూసుకుంటుంది, చివర్లో "చల్లగా ఉండు తల్లీ" అంటుంది. ఎవరి దేవుడు వారికి ఉండగానే ఒకరి మేలు ఒకరు కోరుకోవడం నేను ఆ బస్సుల్లోనే చూశాను.

ఆ ధైర్యం మా అమ్మకు పెద్దల నుంచి వచ్చింది. ఇండియా నుంచి మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 నుంచి 1945లో చనిపోయేదాకా దోర్నకల్‌లోనే పనిచేశారు. పుట్టుకతో తమిళుడు. మాల మాదిగ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లందరి చేతా ఒక పని చేయించేవారు. తమ చెయ్యి తమ తల మీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను ఎవరికి వారు పలకాలి. అక్షరం ముక్క రాని కూలీ మనిషి, ఊళ్లో గొంతెత్తి మాట్లాడే హక్కే లేని మనిషి, ఆ రోజు నుంచి చెప్పవలసిన కబురు ఉన్న మనిషయ్యాడు. దోర్నకల్ చుట్టుపక్కల విశ్వాసం పల్లె నుంచి పల్లెకు పాకిందంటే అలాంటివాళ్ల నోటి మీదుగానే.

అలా చెప్పినందుకు మూల్యం కూడా చెల్లించారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినని చెప్పుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. స్కాలర్‌షిప్, ఉద్యోగం, రిజర్వుడు సీటు అన్నీ ఆ ఒక్క మాట మీద ఆధారపడ్డాయి. అందుకే ఎన్నో ఇళ్లలో పిల్లలకు రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, చర్చిలో ఇంకొకటి. ఆదివారం నాడు గొంతెత్తి పాడినవాడు సోమవారం కాగితం మీద మౌనంగా ఉండాల్సి వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక మనిషి తన సంతోషాన్ని పైకి చెప్పుకోవడం ఎంత ఖరీదైన పనో వాళ్లను చూసే తెలుసుకున్నాను.

కాకినాడకు ఈ కెనడాతో ఉన్న చుట్టరికం కూడా ఇలాంటి ఒక మనిషి వల్లే ఏర్పడింది. థామస్ గాబ్రియేల్ తెలుగువాడు. తంతి శాఖలో మంచి ఉద్యోగం. అది వదులుకుని కాకినాడలో సువార్త పనికి దిగాడు. చేతిలో డబ్బు అయిపోయింది, పని మాత్రం పెరుగుతూ పోయింది. అప్పటికి మన తెలుగునాట ఉన్న కెనడా బాప్టిస్టు మిషనరీలకు కబురు పెట్టాడు. 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ దంపతులు కాకినాడ చేరారు. ఏడాది తిరగకుండానే గాబ్రియేల్ కన్నుమూశాడు. ఆయన పిలుపు మాత్రం ఆగలేదు. సామర్లకోటలో సెమినరీ, పిఠాపురంలో ఆసుపత్రి, కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు, టింపనీ స్కూలు వచ్చాయి. ఆ మిషనరీల్లో ఒకరైన ఎ.వి. టింపనీ 1876లో సెలవు మీద స్వదేశం వచ్చి తెలుగు ఆడవాళ్ల సంగతులు చెబితే, ఈ మాంట్రియల్‌లోనే బాప్టిస్టు స్త్రీలు ఒక సమాజంగా కూడి మా ఊళ్లకు సాయం పంపడం మొదలుపెట్టారు. ఎన్నడూ చూడని గోదావరి జిల్లా ఆడపిల్లల చదువు కోసం ఈ మంచు వీధుల్లో ఎవరో తల్లులు చందాలు పోగుచేశారని తలుచుకుంటే, ఇక్కడ నాకు పరాయితనం కాస్త తగ్గుతుంది.

మరి ఆ తల్లుల ఊళ్లో ఈ మౌనం ఎందుకొచ్చింది? మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక ఫ్రెంచి ఆవిడ ఉన్నారు. ఒక సోమవారం కాఫీ దగ్గర, నిన్నటి ఆరాధన ఎంత బాగా జరిగిందో ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. కాసేపాగి అన్నారు: "మా అమ్మకి మేము ఎనిమిదిమందిమి. ఇంకో కాన్పు అయితే బతకవని డాక్టరు చెప్పాడు. ఫాదర్ గారు మాత్రం ఏడాదికోసారి ఇంటికొచ్చి, ఉయ్యాల ఖాళీగా ఎందుకుందని అడిగేవారు. ఆయన వస్తున్నాడంటే అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది." ఆ తర్వాత చాలాసేపు ఆవిడే మాట్లాడారు, నేను విన్నాను.

అది ఒక్క ఇంటి కథ కాదని తర్వాత తెలిసింది. 1960 దాకా, మాంట్రియల్ ఉన్న ఈ క్యూబెక్ రాష్ట్రంలో బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం చాలావరకు చర్చి చేతిలోనే ఉండేవి. దుప్లెసీ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వేలాదిమంది అనాథ పిల్లలకు మతిస్థిమితం లేదని రాసి పిచ్చాసుపత్రులకు అప్పగించారు. ఆ సంస్థల్లో చాలావాటిని నడిపింది కూడా చర్చివాళ్లే. 1960ల మార్పుల్లో ప్రభుత్వం బళ్లను, ఆసుపత్రులను తన చేతిలోకి తీసుకుంది. జనం పూజలకు రావడం మానేశారు. వంద గోపురాల ఊరు అని పేరుపడ్డ మాంట్రియల్‌లో ఇప్పుడు ఒక చర్చి గ్రంథాలయం అయింది, ఒకటి పేదలకు చవగ్గా భోజనం పెట్టే హోటలయింది, ఇంకెన్నో అపార్టుమెంట్లయ్యాయి. 2019 జూన్ నాటి చట్టం వల్ల ప్రభుత్వ బడుల్లో టీచర్లు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు పనివేళల్లో మత చిహ్నాలు ధరించకూడదు. 1936 నుంచి క్యూబెక్ శాసనసభలో స్పీకరు కుర్చీ పైన ఉన్న సిలువను ఆ జులైలోనే తీసేశారు. ఆ చట్టం వల్ల తలగుడ్డ తీయలేక ఉద్యోగానికి దూరమైన టీచరమ్మల సంగతి నన్ను బాధపెడుతుంది. అయినా ఈ ఊరి మౌనం వెనక వంటింట్లో ఏడ్చిన అమ్మలున్నారని తెలిశాక, ఆ మౌనాన్ని భక్తిలేనితనం అని కొట్టిపారేయలేను.

అలాంటి ఊళ్లోనే ఒక మనిషి తన విశ్వాసాన్ని పట్టపగలు బతికి చూపించాడు. ఆల్‌ఫ్రెడ్ బెసెట్, అందరూ బ్రదర్ ఆంద్రే అంటారు. 1845లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. ఎప్పుడూ ఏదో ఒక జబ్బు, చదువు అంతంత మాత్రం. నోత్రదామ్ కాలేజీలో సుమారు 40 ఏళ్లు గేటు దగ్గర తలుపు తీసే పని చేశాడు. గంట మోగితే తలుపు తీయడం, ఉత్తరాలు పంచడం, నేల తుడవడం, పిల్లలకు జుట్టు కత్తిరించడం. ఎవరు కష్టం చెప్పుకున్నా, యేసును పెంచిన యోసేపుగారిని అడుగు, నేనూ అడుగుతాను అనేవాడు. జబ్బుపడ్డవాళ్లు బారులు తీరారు. పిల్లలకు రోగాలు అంటుతాయని తల్లిదండ్రులు గోల చేస్తే, ఎదురుగా ఉన్న ట్రామ్ స్టేషనులో కూర్చుని వచ్చినవాళ్లను కలుసుకున్నాడు. జుట్టు కత్తిరించినందుకు వచ్చిన అయిదేసి సెంట్లు కూడబెట్టి, 1904లో కొండవాలు మీద ఒక చిన్న చెక్క గుడి కట్టించాడు. బాగుపడ్డవాళ్లు తనకు మొక్కబోతే మండిపడేవాడు. ఆ పొగడ్త ఏదో చేసినవాడికి చెప్పమనేవాడు. 1937 జనవరి 6న, 91 ఏళ్ల వయసులో పోయాడు. చలిలో, వానలో పది లక్షల మంది దాకా ఆ శవపేటిక ముందు నుంచి నడిచి వెళ్లారని చెబుతారు. 2010లో రోమ్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది.

మేం బాప్టిస్టులం. పునీతుల ముందు దీపాలు పెట్టే అలవాటు మా ఇళ్లలో లేదు. అయినా ఆ చెక్క గుడి నుంచి ఎదిగిన సెయింట్ జోసెఫ్ ఆరేటరీకి వెళ్లినప్పుడల్లా బయటి మెట్ల దగ్గర ఆగుతాను. మొత్తం 283 మెట్లు. మధ్య వరసలో 99 చెక్కమెట్లు మోకాళ్ల మీద ఎక్కేవాళ్ల కోసమే వదిలారు. ఒక శనివారం అక్కడ ఒక హైతీ అమ్మమ్మ ఎక్కుతోంది. మెట్టుకోసారి ఆగి, పెదాలు కదిపి, పక్కనున్న మనవడి భుజం పట్టుకుని మళ్లీ మోకాలు పైకి వేస్తోంది. సగం దూరం పోయాక ఊపిరి తీసుకోవడానికి కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. "మా అమ్మాయికి ఆపరేషను బాగా జరిగింది" అంది ఫ్రెంచిలో. నేను అడగలేదు, తనే చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. ఆ ముఖంలో బస్సులో మా అమ్మ ముఖమే కనిపించింది.

మొదటి కాపు మామిడిపళ్లు కోస్తే పక్కింటికి నాలుగు పంపకుండా తినని ఊళ్లలో పెరిగినవాళ్లం. పక్కింటివాళ్లు తింటారో, పిల్లలకు పెడతారో, ఎవరికైనా ఇచ్చేస్తారో అది వాళ్ల ఇష్టం. విశ్వాసం పైకి చెప్పడం కూడా అలాగే ఉండాలనిపిస్తుంది. ఎదుటి మనిషి మారాలని, ఒప్పుకోవాలని, మన లెక్కలో చేరాలని చెప్పే మాటకు ఉయ్యాల గురించి ఆరా తీసిన ఫాదర్ గారి గొంతు వచ్చేస్తుంది. మేలు పొందిన సంతోషం ఆపుకోలేక చెప్పిన మాట వేరు. దాంట్లో ఎదుటివాళ్లను మనవాళ్లనుకునే చొరవ ఉంటుంది. మన ఊళ్లలో కొన్ని కూడికలు మైకుల హోరులో పోటీలు పడుతుంటే నాకు దిగులు కలుగుతుంది. ఎంత గట్టిగా చెప్పినా, వినేవాళ్ల కష్టం తెలియకపోతే ఆ చెప్పడంలో సగం మిగిలిపోయినట్టే. బ్రదర్ ఆంద్రే రోజంతా చేసింది ముందు తలుపు తీయడం, తర్వాత వినడం. ఆయన మాటకు బరువు అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ మా తెలుగు కూడిక ఇంగ్లీషు సంఘం వాళ్ల ఆరాధన అయ్యాక, వాళ్ల చర్చి కింది హాల్లో జరుగుతుంది. గుమ్మం దగ్గర మంచు అంటిన బూట్ల వరస, లోపల పులిహోర, కోడికూర వాసన. సాక్ష్యాల వేళ ఒక కుర్రాడు లేచాడు. రాత్రిళ్లు గోడౌనులో పని, పగలు ఫ్రెంచి క్లాసు, పరీక్ష రెండుసార్లు పోయింది. "ఈసారి దేవుడు పాస్ చేయించాడండీ" అన్నాడు. అందరం "స్తోత్రం" అన్నాం. తర్వాత అతనన్న మాట ఇంకా నచ్చింది: "పరీక్షకి నన్ను కూర్చోబెట్టి చదివించింది మా రూమ్మేట్. వాడు ముస్లిం. వాడి తమ్ముడి వీసా కోసం అందరూ ప్రార్థన చెయ్యండి." చేశాం. ఆ రూమ్మేట్ కూడా వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. భోజనాల దగ్గర అతని ప్లేటులో అన్నం తరగనివ్వలేదు మా ఆడవాళ్లు.

మా పెద్దలకు రెండు పేర్లతో బతకాల్సిన అవసరం వచ్చింది. నాకు ఆ అవసరం లేదు. వాళ్లు దాచుకోవాల్సి వచ్చిన మాటను నేను ఈ ఊళ్లో హాయిగా చెప్పుకోగలను, కాబట్టి చెబుతాను. సోమవారం ఎవరైనా సెలవులు ఎలా గడిచాయని అడిగితే, చర్చికి వెళ్లామని, కడుపునిండా పాడామని, దేవుడు మేలు చేశాడని అంటాను. మరి మీ సంగతేమిటని అడిగి, వాళ్లు చెప్పేదంతా వింటాను. వాళ్లమ్మ కథ చెప్పిన ఆవిడ మొన్న తనంతట తానే నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆవిడ మనవరాలికి ఒంట్లో బాగాలేదట. "నాకు నమ్మకం లేదు. మీరు ఆదివారం వెళ్తారుగా, దాని పేరు కూడా చెప్పండి" అన్నారు. ఆదివారం దాకా ఆగడం ఎందుకని అక్కడే, ఆవిడ సరేనన్నాక, చెయ్యి పట్టుకుని తెలుగులో ప్రార్థన చేశాను.