విధవరాలి ప్రార్థన

విసక్కుండా ప్రార్థన చెయ్యడమంటే ఓర్చుకోవడమని గుళ్లో చెబుతారు. లూకా 18వ అధ్యాయంలో విధవరాలి కథ చూపిస్తారు. నేను చదివిన కథలో ఆమె ఓర్చుకోలేదు. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచెయ్యని న్యాయాధిపతి దగ్గరికి పదేపదే పోయి న్యాయం అడిగింది. వాడు మంచోడై తీర్పు చెప్పలేదు, ఆమె పోరు పడలేక చెప్పాడు. యేసు ప్రార్థనకి పోలికగా చెప్పింది ఈమెనే.

మాది ప్రకాశం జిల్లాలో మాదిగపల్లె. 1854 జనవరి 1 తెల్లారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు జూలియా, ఇంకొందరు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 24 ఏళ్లకి, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది కొండమీద ప్రార్థన ఫలమంటారు. కానీ మధ్యలో చాలా జరిగింది. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు ఊరూరా నడిచారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టుకి తీసుకుంటే, మనోళ్లు మట్టి తవ్వి ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ నడకా, ఆ తవ్వకమూ ప్రార్థనలో భాగం కావా?

మా అమ్మకి ఈ చరిత్ర తెలీదు. ఇళ్లస్థలం పట్టా కోసం ఏడేళ్లు తెల్లారి నాలుగింటికే లేచి, 'ప్రభువా, ఆ ఆఫీసరు మనసు తిప్పయ్యా' అని ఏడ్చేది. సోమవారం కూలి మానుకుని మండలాఫీసుకి పోయేది. అర్జీ నాచేత రాయించేది. 'ఎన్నిసార్లొస్తావే' అని అక్కడొకాయన కసిరితే, 'ఇచ్చేదాకా వస్తానయ్యా' అనేది.

'దేవుడికి చెప్పావుగా, మళ్లీ ఆఫీసెందుకే అమ్మా?' అన్నాను.

'ఆయనకి చెప్పబట్టే పోతన్నాను రా. లేకపోతే ఆ గుమ్మం తొక్కే ధైర్యం నాకేడది?' అంది.

ఎనిమిదో ఏట రెండు సెంట్లకి పట్టా వచ్చింది.

మాకు ఇంకో గుమ్మం కూడా ఉంది. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే షెడ్యూల్డు కులాలుగా లెక్కగట్టింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. క్రైస్తవులకి తియ్యలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ కాగితం మీద బి.సి.-సి. ఊళ్లో మాత్రం మాదిగే. యేసుని నమ్ముకున్నామని మమ్మల్ని ఊరి మధ్యకి రానిచ్చినోళ్లు లేరు. 2004లో సుప్రీంకోర్టుకి పోయారు. మతానికీ కులహోదాకీ ముడి తియ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో మళ్లీ ఇంకో కమిషన్ వేశారు.

ప్రార్థన మత్తుమందనే ఉద్యమ మిత్రులు మా అమ్మ సోమవారాలు చూడలేదు. ఓర్చుకోమనే అయ్యగార్లు విధవరాలి కాళ్ల వైపు చూడలేదు. ఎవరి ముందూ నోరెత్తనివ్వని ఊళ్లో, 'నాకు న్యాయం చెయ్యి' అని గట్టిగా అడగడం మా ఆడోళ్లు నేర్చుకున్నది మోకాళ్ల మీదే. అక్కడ నేర్చిన మాటని ఆఫీసు గుమ్మం దాకా మోసుకుపోయారు.

మా గుళ్లో ఉపవాస ప్రార్థన అయ్యాక చాపలు చుట్టరు. వాటిమీదే కూర్చుని అర్జీలు రాస్తాం. నేను రాసి చదివి వినిపిస్తాను. ఆమేన్ అని, ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేస్తారు.