మదపోలాం ఊరి అమ్మాయి

అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి మన దీవి దాటాను. మాంచెస్టర్ విమానాశ్రయంలో అధికారి అడిగినవి రెండే ప్రశ్నలు: ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు? "మా అబ్బాయి దగ్గరికి, మూడు వారాలు" అన్నాను. ముద్ర వేసి పంపేశాడు. పోర్ట్ లూయీలో ఓడ దిగిన మా ముత్తాతను ఆ రెండో ప్రశ్న అడిగి ఉంటే ఏం చెప్పేవాడో! మళ్లీ తన ఊరు చూడనేలేదు.

నేను ముప్పై ఏళ్లు ఫ్లాక్ దగ్గర చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టినదాన్ని. అట్టపెట్టెల మీద ఇంగ్లండు చిరునామాలు చూస్తూ బతికాను. అందుకే కోటలూ తోటలూ తర్వాత, ముందు పత్తి బేరాలు జరిగిన రాయల్ ఎక్స్ఛేంజ్ చూపించమన్నాను మావాణ్ణి. ఇప్పుడది నాటకశాల. పైన గాజు గోపురాలు, కింద మైదానమంత హాలు. ఆఖరి రోజు ధరల పట్టీని మాత్రం గోడ పైన అలాగే ఉంచారు. అది 1968 నాటిది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఇక్కడి బేరం ముగిసింది. 1970లో మన దగ్గర ఎగుమతి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. చెరుకు కొట్టినవాళ్ల కూతుళ్లం కుట్టుమిషన్ల ముందు కూర్చున్నాం.

"అబ్బో, ఎంత ఎత్తో!" అని తలెత్తి చూస్తుంటే కాఫీ అందిస్తున్న అమ్మాయి ఆగింది.

"మీరు తెలుగువాళ్లాండీ?"

మారిషస్ అన్నాను. అక్కడ కూడా తెలుగువాళ్లున్నారా అని ఆశ్చర్యపోయింది. నా మాట వాళ్ల తాతమ్మ మాటలా ఉందట. ఇక్కడ చదువుకుంటూ సాయంత్రాలు పని చేసుకుంటోంది. ఏ ఊరమ్మా అంటే, "నర్సాపురం పక్కన మాధవాయపాలెం అండీ" అంది.

మన ఇళ్లలో తెల్లటి నూలుగుడ్డను మదపోలాం అంటాం కదా. మా నాయనమ్మ దిండు గలీబులు దాంతోనే కుట్టేది. ఫ్రెంచి మాట అనుకునేవాళ్లం. అది ఈ పిల్ల ఊరి పేరే. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ కొఠీ పెట్టి గోదావరి నేతగాళ్ల బట్ట కొనేది. తర్వాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో మరమగ్గాల మీద నేసి తిరిగి ఇండియాకే అమ్మాయి. ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి నోట మాట రాలేదు. వాళ్ల ఊరి పేరు ఒక గుడ్డకుందని ఆమెకెవరూ చెప్పలేదు.

గుడ్డకు ఊరి పేరు మిగిలింది. మోకాలోని పాత దస్త్రాల్లో మా ముత్తాత పేరు దొరికింది, అంకె దొరికింది. ఊరి పేరు మాత్రం ఏ గుమాస్తా ఎలా విని రాశాడో, ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఆయనది మాధవాయపాలెమేనని నేననడం లేదు. కోరంగిలో ఓడెక్కాడని మాత్రం ఇంట్లో చెప్పుకునేవారు.

ఆ అమ్మాయి వెంటనే ఫోనులో వాళ్లమ్మను చూపించింది. అక్కడ అర్ధరాత్రి కావస్తున్నా ఆవిడ నవ్వుతూ అడిగింది, "మీ ఇంటిపేరేంటండీ?"

మనకేదీ ఇంటిపేరు! ఓడ దిగిన తాత పేరే మనందరికీ ఇంటిపేరైంది. అదే చెప్పాను.

"పోనీ ఆ పేరే రాసివ్వండి. ఊళ్లో పెద్దవాళ్లను అడుగుతాను" అందావిడ.

బిల్లు వెనక తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. మావాడు ఆ అక్షరాలు చదవలేడు. పక్కన నిలబడి, ఏం రాశావని క్రియోల్‌లో అడిగాడు.