బొగ్గుగనుల యూరిలో ఒక రేకుపెట్టె

కాజీపేటనుండి ఉత్తరముగా పోవు రైలుమార్గమున పెద్దపల్లి దాటిన కొంతసేపటికే విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కానవచ్చును. రామగుండములో దిగి గోదావరిఖనికి పోవుచుండగా అచ్చటి పేర్లే మాకు మొదట వింతగొలిపినవి. నదినీ గనినీ జతపరచి ఊరికి పేరు పెట్టినారు. ఒక పేటను ఎనిమిదవ ఇంక్లైను కాలనీ యందురు. ఇంక్లైను అనగా భూగర్భములోనికి వాలుగా దిగు గనిదారి. గని నంబరే చిరునామా యైనది!

ఈ బొగ్గు కథ ఇల్లెందు ప్రాంతమున మొదలైనది. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చట బొగ్గు కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుటకు హక్కు సంపాదించెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. నేడందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 వంతుల వాటా కలదు. ఇవన్నియు పుస్తకములలో దొరకు సంగతులే. కాని గనికార్మికుని యింటి ఇల్లాలి సంగతి ఏ పుస్తకమున దొరకును? 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయరాదని నిషేధించెను. 2019లో గాని ఆ నిషేధము షరతులతో సడలలేదు. అందుచేత గని దస్తావేజులలో ఆమె పేరు తరచుగా ఫలానివాని భార్య యనియే యుండును. ఆమె పేరు ఆమెదిగా అచ్చుపడిన కాగితములు వేరొక చోట వెదకవలెను. మాకవి ఒక రేకుపెట్టెలో దొరకినవి.

మేము దిగిన యింటి యజమాని ఉద్యోగవిరమణ పొందియుండెను. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలెను. ఇల్లాలు సామానులు సర్దుచు పెట్టెలోని కాగితములను గుట్టగా పోసి, "ఇగ ఇవన్ని పాత పేపర్లాయనకు ఏసేద్దామనుకుంటున్న అక్కా. సర్టిఫికెట్లయితె భద్రంగనే ఉన్నయి" అన్నది.

ఆ గుట్టలో ఏమేమి యున్నవనుకొన్నారు, సోదరీమణులారా! హాల్‌టిక్కెట్లు, ఫీజు రసీదులు, పరీక్షల టైంటేబిళ్ళు, ప్రశ్నపత్రములు, వీడ్కోలు సభ ఆహ్వానపత్రము, ఏదో విద్యార్థి సంఘమువారి కరపత్రములు. కొన్ని పెద్దకుమార్తెవి; వానిపై కాకతీయ విశ్వవిద్యాలయపు పేరున్నది. చిన్నకుమార్తె చదువునాటికి 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము వెలసినది కావున ఆమె కాగితములపై పేరు మారినది. తక్కినవి ఆ యిల్లాలివే. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయముగా ఆరంభమై, 1991నుండి అంబేద్కరు పేర నడచుచున్న విద్యాసంస్థలో ఆమె పెండ్లియైన పిమ్మట పట్టభద్రురాలైనది.

ఆమె టైంటేబిలు అంచున పెన్సిలుతో వ్రాసికొనిన మాటలు మమ్ము ఆపివేసినవి. ప్రతి తేదీకెదురుగా ఫస్టు, సెకండు, నైటు అని యున్నది. అవి భర్తగారి షిఫ్టులు. "నైటు షిఫ్టయితె ఆయన పొద్దంత పండుకుంటడు, లేపొద్దు. ఫస్టు షిఫ్టయితె ఇంట్ల ఎవ్వరుండరు. పక్కింటి వదిన పిల్లలను చూస్తనంటేనే నేను పరీక్షకు పోయేది" అని ఆమె చెప్పినది. రెండు తేదీలకు అడ్డుగీతలున్నవి. ఆ రెండు పరీక్షలు మరుసటేడు వ్రాసినదట. పట్టాలో ఈ గీతలు లేవు. పట్టా చూచినవారికి ఆమె యుత్తీర్ణురాలైనదని మాత్రమే తెలియును.

ఇట్టి చిల్లరకాగితములకు విలువ కట్టినవాడు ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ఒకడుండెను. జాన్ జాన్సన్ అనునాతడు యౌవనమున ఈజిప్టునందు ఇసుకదిబ్బలు త్రవ్వించి ప్రాచీనుల చిత్తుపత్రములను వెలికితీసెను. వారి చెత్తను ఇంత శ్రమపడి వెదకుచున్నాము గదా, మన చెత్తను మనమే యేల దాచరాదని ఆతనికి తోచెను. 1925నుండి 1946వరకు విశ్వవిద్యాలయ ముద్రాపకుడుగా నున్న ఆతడు ప్రకటనలు, టిక్కెట్లు, ఆహ్వానములు, లేబిళ్ళు కూర్పించెను. 1968లో బోడ్లియన్ గ్రంథాలయమునకు చేరిన ఆ సంపుటములో ఇంచుమించు 15 లక్షల కాగితములు కలవు. మన వేటపాలెపు సారస్వత నికేతనము కూడ 1918నుండి పాత పత్రికలను కాపాడుచున్నది. అయితే పత్రికకు కర్త యుండును, పేరుండును. హాల్‌టిక్కెట్టుకు దిక్కెవరు? పరీక్ష ముగియగానే దాని పని తీరినట్లే.

దాచుటయందు మన మగవారికంటె మనమే నేర్పరులము. తీరు మాత్రము కొంత మార్చుకొనవలెను. గుండుసూదులు త్రుప్పుపట్టి కాగితమును తినును. రబ్బరుబాండు ఆ ప్రాంతపు వేసవికి కరగి అతుకుకొనును. జిగురుటేపు పచ్చబడి మరక వదలును. లామినేషను చేయించుట యిప్పుడొక వేడుకైనది. ఒకసారి చేయించినచో కాగితమును మరల చెడకుండ విడదీయుట దుర్లభము. యంత్రము వేడితో అచ్చువేయు రసీదులు కొలదికాలమునకే వెలిసిపోవును గాన వానికి నకలు తీయించవలెను. బొగ్గుధూళిని తడిగుడ్డతో తుడువరాదు. మెత్తని పొడికుంచెతో దులుపవలెను. ఎవరిది, ఏ యేటిది, ఏ యూరిది అను మూడు మాటలు వెనుక పెన్సిలుతో వ్రాసిన చాలును. టైంటేబిలును విడిగా, రసీదును విడిగా పంచిపెట్టక ఒక యింటివి ఒక కట్టగానే యుంచవలెను. ఆ షిఫ్టుల వ్రాత ప్రక్కన హాల్‌టిక్కెట్టు లేనిచో ఏమి తెలియును?

విశ్వవిద్యాలయ గ్రంథాలయములు సిద్ధాంతగ్రంథములను అట్టకట్టి దాచును. వాని పక్కనే ఈ కట్టలకు ఒక అర చూపుట పెద్ద వ్యయము గాదు. కొత్తగూడెపు గనుల కళాశాల 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైనది. దాని మొదటి ప్రవేశప్రకటన, మొదటి టైంటేబిలు ఇంకను గోడలనుండి చినిగిపోలేదు. అచ్చటివారు తలచిన మొదటిరోజునుండియే కూర్చుకొనవచ్చును. ఇచ్చువారు మాత్రము నంబర్లు, ఛాయాచిత్రములు, చిరునామాలు గల కాగితములను ఇన్నేండ్లవరకు ఎవరికిని చూపరాదని ముందే వ్రాయించుకొనుట మంచిది.

మేమీ మాటలు చెప్పగా ఆ యిల్లాలు చాలసేపు ఆలోచించినది. పిమ్మట కరపత్రములను, ప్రశ్నపత్రములను, రసీదులను పాత నూలుచీర పేలికతో కట్టి మా చేతికిచ్చినది. కుమార్తెలనడిగి వారివి తరువాత పంపుదునన్నది. టైంటేబిలును మాత్రము ఇచ్చుటకు మనసొప్పలేదు. "పక్కింటి వదినకు సూపియ్యాలె. ఆమె గూడ పెద్దపల్లికి పోయి శానొద్దులాయె" అన్నది. దానికి నకలు తీయించుకొని వచ్చితిమి.