మేఘాలు మావి, లాగిన్ వాళ్లది

పాడేరు నుంచి వంజంగి కొండకెళ్లే దారి పొడవునా గుడారాల బోర్డులే. పైన ఇంగ్లిషులో ఓ ముచ్చటైన పేరు, కింద ఫోన్ నెంబరు. పొలం గిరిజనుడిది. గుడారం వేసేదీ తీసేదీ అతనే, తెల్లారగట్ల టార్చిలైటు పట్టుకుని మేఘాలు చూడ్డానికి జనాన్ని కొండ ఎక్కించేదీ అతనే. ఆ నెంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేది మాత్రం విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న మనిషి. అలాంటి బోర్డు పీకేసి సొంత నెంబరు రాయించుకున్న కుటుంబం ఒకటుందని పాడేరులో పనిచేసే ఓ మాస్టారు చెప్పారు. డిసెంబరులో, మేఘాల సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు వెళ్లాను.

విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవరు బండి ఆపి దండం పెట్టుకున్నాడు. ఆ పైన సిగ్నల్ ఒక మలుపులో వస్తే ఇంకో మలుపులో పోతుంది. ఆన్‌లైన్ ప్రచారం మీద పట్నంలో ఏసీ గదుల్లో పాఠాలు చెప్పేవాళ్లను ఒకసారి ఈ ఘాట్ ఎక్కించాలి.

ఆ కుటుంబం ఇల్లు రోడ్డుకు కాస్త ఎగువన ఉంది. రెండు గదులు అతిథులకు, మిగతాది వాళ్లకు. వెనక కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, చదును చేసిన జాగాలో గుడారాలు. ఇంటాయన ఇదివరకు పాడేరులో ఆటో నడిపేవాడు. వంట ఆయన భార్యది. ఫోన్ వ్యవహారమంతా ఆయన అక్క కూతురిది, డిగ్రీ చదువుతోంది. నేను వెళ్లేసరికి వాకిట్లో ఎండబెట్టిన కాఫీ పళ్లు కాలితో తిరగేస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరికో దారి చెబుతోంది.

"రీలు సూసి జనం కొండకొత్తారు సార్, మా ఇంటికి కాదు," అన్నాడు ఇంటాయన కుర్చీ వేస్తూ. "రాత్రి మూడింటికి కార్లు దిగుతాయి. పొద్దున తొమ్మిదింటికి ఎలిపోతాయి. మాకు మిగిలేది సీసాలు."

ఈ ఒక్క మాటలో సగం సంగతి ఉంది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. లాక్‌డౌన్‌లో ఇళ్లలో మగ్గిన జనం బయటపడే వేళకు చేతిలో ఈ కొత్త సరంజామా ఉంది. వంజంగి మేఘాల కొండకు పేరు తెచ్చింది ప్రభుత్వ ప్రకటనలు కాదు, అరనిమిషం వీడియోలు. అయితే వీడియో మోసేది చోటును. ఆ చోట అన్నం వండిపెట్టే మనిషి అందులో కనపడడు. చూసినవాడు తర్వాత చేసే పని మ్యాప్ తెరిచి, దగ్గర్లో బస ఎక్కడుందో వెతకడం. డబ్బు చేతులు మారేది అక్కడే. పట్నం ఏజెంటు పట్టుకున్నదీ అక్కడే.

మూడేళ్ల కిందట ఒక కుర్రాడు వచ్చాడట. "నువ్వు గుడారాలు చూసుకో అన్నా, ఆన్‌లైన్ నేను చూసుకుంటా" అన్నాడు. ఒక్క పైసా అడగలేదు. ఫొటోలు తీశాడు, గూగుల్ మ్యాప్‌లో పేరు ఎక్కించాడు, ఇన్‌స్టా పేజీ పెట్టాడు, బుకింగ్ సైట్లలో చేర్చాడు. అన్నీ తన జీమెయిల్‌తో, తన నెంబరుతో. గుడారానికి ఆరు వందలు ఇచ్చేవాడు. ఒక రాత్రి చలిమంట దగ్గర కూర్చున్న అతిథి మాటల్లో మాటగా, పదిహేను వందలు కట్టామన్నాడు. అడిగితే కుర్రాడు దబాయించలేదు. "ఖర్చులుంటాయి కదన్నా" అన్నాడంతే. ఇంటాయన సొంతంగా చేసుకుంటానంటే మాత్రం లాగిన్ ఇవ్వలేదు. అప్పటికి ఆ పేరు మీద వందల కొద్దీ రివ్యూలున్నాయి. సగానికి పైగా ఇంటావిడ వంటను పొగిడినవే.

గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించి బిగించిన చట్టమది. దాన్ని తప్పించుకోవడానికి బినామీలు పెట్టడం ఈ కొండల్లో పాత కథే. ఇప్పుడు అంత అవస్థ కూడా అక్కర్లేదు. సెంటు భూమి కొనకుండా, కౌలు కాగితం రాసుకోకుండా, ఆ భూమి మీద వచ్చే రాబడిలో పెద్ద వాటా ఒక ఈమెయిల్ ఖాతాతో పట్టుకుపోవచ్చు. పర్యాటక శిక్షణ శిబిరాల్లో ఫొటో ఎలా తీయాలి, హ్యాష్‌ట్యాగ్ ఏది పెట్టాలి అని నేర్పుతారు. ఖాతా ఎవరి పేరున ఉండాలన్నది మొదటి పాఠంగా చెప్పిన శిబిరం నాకింతవరకు తగల్లేదు.

ఇలా చేజారిన పేరును తిరిగి రాబట్టుకోవడానికి గూగుల్‌లో ఓ దారి ఉంది. లిస్టింగ్ ఇంకొకరి చేతిలో ఉంటే, అది మాదని హక్కు కోరుతూ అభ్యర్థన పెట్టొచ్చు. అవతలివాడు గడువులోగా పలక్కపోతే మనం రుజువు చూపి తీసుకునే వీలుంది. ఆ కుర్రాడు వెంటనే పలికాడు, కుదరదన్నాడు. చివరికి ఆ రివ్యూలు వదులుకుని ఇల్లు కొత్త పేరుతో మొదటి నుంచి మొదలెట్టింది. ఇంటావిడకు మాత్రం ఆ రివ్యూల మీద మమకారం పోలేదు. "నా పులుసు బాగుందని రాసినోళ్ల మాటలు ఆడి దగ్గరున్నాయి," అంది పొయ్యి ఎగదోస్తూ.

నేను వెళ్లిన మధ్యాహ్నమే అమ్మాయికి పక్కింటివాళ్ల లిస్టింగ్ పెట్టే పని పడింది. నేనూ వెంట వెళ్లాను. చోటు నిజమో కాదో తేల్చుకోవడానికి ఒకప్పుడు గూగుల్ పోస్టుకార్డు మీద కోడ్ పంపేది. ఇప్పుడు చాలాచోట్ల వీడియో అడుగుతోంది. అతుకులు లేకుండా ఒకే టేకులో తీయాలి. చుట్టుపక్కల ఏముందో కనపడాలి, బోర్డు కనపడాలి, ఈ చోటు మన చేతిలోనే ఉందని తెలిసేలా ఏదైనా చేసి చూపించాలి. వీధి పేరు, ఇంటి నెంబరు ఉన్నవాళ్లకు ఇది ఐదు నిమిషాల పని. ఇక్కడ వీధే లేదు. అమ్మాయి రోడ్డు మీది కిలోమీటరు రాయి దగ్గర మొదలెట్టింది. ఫోన్ కదలకుండా నడుస్తూ మలుపు తిరిగి, సున్నం కొట్టిన రేకు మీద నీలం రంగుతో రాసిన బోర్డు దగ్గర ఆగి, వాకిట్లోకొచ్చింది. పక్కింటాయన కొంగున కట్టుకున్నంత భద్రంగా దాచిన తాళంచెవి తీసి గది తలుపు తెరిచాడు. లోపల మంచాలు, దొంతరగా పెట్టిన రగ్గులు, గోడకు కరెంటు మీటరు. కరెంటు బిల్లును కెమెరాకు దగ్గరగా పట్టుకుంటే ఆయన చెయ్యి వణికింది. "మళ్లీ మామా, పేరు కనపడలేదు," అంది అమ్మాయి. కిలోమీటరు రాయి దగ్గర నుంచి మళ్లీ మొదలు.

తీయడం అయ్యాక అప్‌లోడ్ ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది. ఇక్కడ సిగ్నల్ కావాలంటే ఎగువన వలిసె చేను గట్టు మీదికెక్కాలి. చేనంతా పసుపు పూలు. పట్నం నుంచొచ్చిన నలుగురు వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగుతుంటే, ఆ పక్కనే ఈ పిల్ల ఫోన్ ఆకాశంలోకెత్తి నిలబడింది.

మ్యాప్ మీద గుర్తు సరైన చోట పడేలా చూడటం ఇంకో తంటా. పాత లిస్టింగ్‌లో ఆ గుర్తు లోయకు అవతలి ఊళ్లో ఉండేదట. రాత్రి రెండింటికి మంచులో దారి తప్పినవాళ్లు ఫోన్ చేసి తిట్టేవారు. ఇప్పుడు చిరునామా లేకపోయినా చోటును పట్టిచ్చే ప్లస్ కోడ్‌ను బోర్డు మీదే రాయించారు. అడిగినవాళ్లకు అదే పంపుతారు.

సాయంత్రం అమ్మాయి వాట్సాప్ బిజినెస్ తెరిచి చూపించింది. గీత కొట్టి 'దారి' అని టైప్ చేస్తే దారి మొత్తం వస్తుంది, 'రేటు' అంటే ధరలొస్తాయి. నాకు బాగా నచ్చింది 'మేఘం' అన్న సందేశం. నవంబరు నుంచి జనవరి దాకా మేఘాలు కనపడే అవకాశం ఎక్కువ, వాన పడి తెరిపిచ్చిన మర్నాడు ఇంకా బాగుంటుంది, కానీ గ్యారంటీ ఇవ్వలేం, కనపడలేదని డబ్బు వెనక్కివ్వం అని ఉంటుంది. దీనివల్ల బేరాలు పోవా అని అడిగాను. "పోతాయి. వాళ్లు వచ్చుంటే మేఘం లేదని ఒక్క స్టార్ ఇచ్చి పోయేవాళ్లు," అంది. అలాంటి ఒక్క స్టార్ రివ్యూ ఇప్పటికే ఒకటుంది. దాని కింద ఆమె జవాబు తెలుగులోనే రాసింది: మీరొచ్చిన రోజు ఆకాశం తేటగా ఉంది, క్షమించండి, మళ్లీ రండి.

బుకింగ్ సైట్ల మాటెత్తితే ఇంటాయన ముఖం ముడుచుకున్నాడు. కమీషన్ నూటికి ఇరవై దాకా పోతుంది, పైగా వాళ్ల డిస్కౌంటు పండగల భారమూ హోటలువాడి మీదే పడుతుంది. ఇది కొండల్లోని చిన్నవాళ్ల గోడు మాత్రమే కాదు. హోటళ్ల సంఘాల ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223 కోట్లు, ఓయోకు 168 కోట్ల పైన జరిమానా వేసింది. వేరే చోట ఇంతకన్నా తక్కువకు అమ్మకూడదని హోటళ్లకు పెట్టిన షరతు అందులో ఒక ఆరోపణ. వ్యవహారం అప్పీళ్లకెళ్లింది. ఈ ఇంటివాళ్లు సైట్లను పూర్తిగా మానలేదు. వానాకాలంలో, గదులు ఖాళీగా ఉండే నెలల్లో తెరుస్తారు, సీజన్‌లో మూసేస్తారు. పెద్ద హోటళ్ల మేనేజర్లు చెప్పే సూత్రాన్ని వీళ్లు లెక్కల పుస్తకం చూసి పట్టుకున్నారు.

ఇన్‌ఫ్లుయెన్సర్లు వారానికి ఒకరిద్దరు ఫోన్ చేస్తారట, ఉచితంగా రెండు రాత్రులు, పైన కొంత సొమ్ము అడుగుతూ. డబ్బుగానీ బసగానీ పుచ్చుకుని పొగిడితే ఆ సంగతి వీడియోలో చెప్పాలని ప్రకటనల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో స్పష్టం చేశాయి. ఆ షరతు గుర్తుచేస్తే చాలామంది మళ్లీ ఫోన్ చెయ్యరని అమ్మాయి నవ్వింది. ఒకతనికి మాత్రం సరేనన్నారు. కొండ కాకుండా కాఫీ పళ్లు ఎండబెట్టడం, వెదురు బొంగులో కోడి వండటం తీశాడు. ఆ రీలుకు చూసినవాళ్లు తక్కువే. బుకింగులు మాత్రం దానివల్లే వచ్చాయట.

చీకటి పడ్డాక పక్కింటాయన మళ్లీ వచ్చాడు. లిస్టింగ్ పెట్టడానికి తెరిచిన జీమెయిల్‌కు ఎవరి నెంబరు ఇచ్చావని అడిగాడు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. "నీదే ఇచ్చేయమ్మా, నువ్వే చూసుకో," అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఆయన భార్య, అంటే అత్తమ్మ నెంబరే ఇచ్చానని, ఓనరు అత్తమ్మేనని, తను మేనేజర్‌గా మాత్రమే ఉంటానని చెప్పింది. "రేపు నాకు పెళ్లయి ఎలిపోతే మళ్లీ మొదటికొత్తారు మామా. పాస్‌వర్డ్ అత్తమ్మే పెట్టింది, నాకు తెలీదు."

గూగుల్ ఆ వీడియో చూడ్డానికి ఐదు పనిదినాల దాకా పట్టొచ్చని ఫోన్లో వచ్చింది. సంక్రాంతి సెలవులకు ఇంకా మూడు వారాలుంది. బోర్డు మీద నెంబరు కోసం వదిలిన ఖాళీ జాగాలో రాయడానికి పెయింటరును ఎప్పుడు పిలవాలా అని వాళ్లు మాట్లాడుకుంటుండగా నేను భోజనానికి లేచాను.