నొప్పికి ఎన్ని మార్కులు?

మా ఇంట్లో ఆడవాళ్ళందరివీ మోకాళ్ళ నొప్పులే. ‘వయసొచ్చింది కదా’ అనేస్తే ఇక అడిగేవాళ్ళుండరు. ఆపరేషన్ అంటే భయపడే అమ్మ, పెద్ద కోత అక్కర్లేని వైద్యమేదో ఉందట, చదివి చెప్పమంది. పీహెచ్‌డీ చేసిన కూతురికి అన్నీ తెలుస్తాయని ఆమె నమ్మకం.

దాని పేరు జెనిక్యులర్ ఆర్టరీ ఎంబొలైజేషన్. కీలు అరిగి వాచినప్పుడు లోపలి పొరలో సన్నటి రక్తనాళాలు కొత్తగా పుట్టుకొస్తాయి. వాటితోపాటు నొప్పిని మోసే నరాలూ పెరుగుతాయి. తొడ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, సూక్ష్మమైన రేణువులతో ఆ నాళాలకు రక్తం తగ్గిస్తారు. అరిగిన మృదులాస్థి మాత్రం తిరిగి రాదు. జపాన్ వైద్యుడు యూజీ ఒకునో బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది, నొప్పి బాగా తగ్గిందని. నెదర్లాండ్స్‌లో 58 మందిపై జరిగి, 2024లో ప్రచురితమైన పరీక్షలో నిజం చికిత్సకీ, ఉత్తుత్తి చికిత్సకీ నాలుగు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు జట్లలోనూ నొప్పి తగ్గింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ‘తగ్గింది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎలా కొలిచారు? ఒకునో బృందం వాడింది వోమాక్ అనే ప్రశ్నావళి. 1980లలో కెనడాలో తయారైంది. మొత్తం 24 ప్రశ్నలు. మెట్లు దిగడం, సాక్స్ తొడుక్కోవడం, స్నానాల తొట్టిలోకి దిగడం ఉన్నాయి. గొంతుకూర్చోవడం, నేలమీంచి లేవడం లేవు. అమ్మ నొప్పంతా కత్తిపీట ముందూ, బట్టలుతికే బండ దగ్గరా, ముగ్గు వేసేచోటా ఉంది.

తెలుగులో అడిగి చూశాను. సాక్స్ అంటే నవ్వింది. ‘బరువైన ఇంటిపనులు ఎంత కష్టం?’ అంటే, “కష్టమని మానేస్తే ఎవరు చేస్తారే?” అని ‘కొంచెం’ దగ్గర టిక్కు పెట్టింది. ఆరోజు పొద్దున్నే గోడ పట్టుకుని లేవడం నేను చూశాను. ఆ ‘కొంచెం’కి మార్కులు తక్కువే. దాన్ని చూసిన డాక్టరు ‘ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి’ అంటే కాగితం ప్రకారం తప్పేమీ లేదు. ఓర్చుకోవడమే నేర్పిన ఇళ్ళలో ఆడవాళ్ళ నొప్పి అంకెల్లోకి రాకముందే సగమైపోతోంది.

చికిత్స చేయించుకోవాలా వద్దా అన్నది అమ్మ నిర్ణయం. రెండు ఫలితాలూ ఆమెకు చదివి చెప్పాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ప్రశ్నలు నువ్వే రాయమని పెన్నిచ్చాను. మొదటిది ఇలా రాసింది: ‘పీటమీంచి లేవడానికి ఏం పట్టుకుంటారు?’