చెవి నేర్పిన మూడు పనులు

పసుపు ఎండిందో లేదో మా తాత కొమ్ము విరిచి, విని చెప్పేవాడు. కల్లంలో పరిచిన పసుపులోంచి చేతికందిన కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. లోపల తడి ఉంటే మెత్తగా వంగి చప్పుడు లేకుండా తెగేది. బాగా ఎండితే ఖంగున మోగేది. ఆ మోత వచ్చేదాకా సంచులు నింపనిచ్చేవాడు కాదు. "ఇంక నాలుగు దినాలు ఎండాలె" అన్నాడంటే ఎండాల్సిందే. బేరానికి వచ్చిన వ్యాపారి కూడా అట్లాగే విరిచి వినేవాడు. ధర మాట ఆ తర్వాతే.

ఇది 1980ల చివరినాటి నిజామాబాద్ జిల్లా ఆర్మూర్. ఒకపక్క నల్లటి బండలతో నవనాథ సిద్ధుల గుట్ట, మరోపక్క హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే రోడ్డు. మా ఊరికి అప్పటికి రైలు లేదు, నిజామాబాద్–పెద్దపల్లి లైను పూర్తయింది 2017లో. వేల్పూర్, అంకాపూర్, బాల్కొండ, మోర్తాడ్, ఎటు చూసినా పసుపు చేలే. జూన్ వానలకు విత్తనం పెడితే సంక్రాంతి దాటాక తవ్వకాలు. పెద్ద ఇనుప కడాయిల్లో ఉడకబెట్టి, పుల్ల గుచ్చి మెత్తబడిందో లేదో చూసి, కల్లంలో ఎండబోసేవాళ్లు. ఆ తర్వాత డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి కొమ్ము నున్నగా తేలేది. సరుకు నిజామాబాద్ యార్డుకు పోయేది. ధర బాగుందని తెలిస్తే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీ కట్టేవాళ్లు.

మా బడిలో లెక్కల సారుకూ పసుపు చేను ఉండేది. పొద్దున మడికి నీళ్లు కట్టి బడికి వచ్చేవాడు. సాయంత్రం తన ఇంటి అరుగు మీద హార్మోనియం ముందేసుకుని మాకు సంగీతం చెప్పేవాడు. శనివారం గుడిలో భజనకు హార్మోనియం ఆయనదే. రైతా, పంతులా, సంగీతగాడా అని ఆయన్ను ఎవరూ అడగలేదు. మా ఊళ్లో మనిషికి ఒక్కటే పని ఉండాలన్న పట్టింపు లేదు.

సారు పాఠం విచిత్రంగా మొదలయ్యేది. శ్రుతి పట్టి, "ముందుగాల ఇను బిడ్డా, పాడుడు తర్వాత" అనేవాడు. చాలాసేపు ఉత్త షడ్జమం. మేం అసహనంగా కదిలినా మెట్ల మీంచి వేలు తీసేవాడు కాదు. సరళీ వరుసల్లో ఎవరిదైనా స్వరం జారితే వాళ్ల పేరు చెప్పి తిట్టేవాడు కాదు, పాట ఆపి మళ్లీ షడ్జమం వాయించేవాడు. తప్పు పాడిన పిల్లవాడే తల ఎత్తి "నాదే సారూ" అనేదాకా ఆగేవాడు. తన తప్పు తన చెవికి వినిపించినవాడు రెండోసారి జారడని ఆయన నమ్మకం. ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్లలో చిందు భాగవతం ఆడితే మమ్మల్ని వెంటబెట్టుకుపోయేవాడు. ఆ ఆటలో పేరుపొందిన చిందు ఎల్లమ్మ మా జిల్లా మనిషే. చిందు కళాకారుల కుటుంబాల్లో పాటా, పద్యమూ, అడుగూ పెద్దల దగ్గర విని, చూసి నేర్చుకున్నవే. "వాళ్ల చెవి చూడుండ్రి" అనేవాడు సారు.

ఒకరోజు అరుగు మీద సుద్దముక్కతో కటపయాది సూత్రం రాశాడు. అక్షరానికో అంకె. "మాయామాళవగౌళ" లో "మా" అంటే 5, "య" అంటే 1. తిరగేస్తే 15. అది పదిహేనో మేళకర్త, అంటే జనక రాగం. "ధీరశంకరాభరణం" లో "ధీ" 9, "ర" 2, తిరగేస్తే 29. పేరులోనే రాగం నంబరు దాచిపెట్టారని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో, దాన్ని రెండుతో గుణిస్తే 72 మేళకర్తలు. వేంకటమఖి 17వ శతాబ్దంలో చతుర్దండి ప్రకాశికలో వేసిన లెక్క అది. తర్వాత ఇంజనీరింగులో చేరి, నా అంతట నేను రాసుకున్న మొదటి ప్రోగ్రాము ఆ 72 రాగాల పట్టికే. ఒక లూపులో ఇంకో లూపు, అందులో మరొకటి. క్లాసులో అందరికీ కొత్తగా ఉన్న పాఠం నాకు మాత్రం సారు అరుగు మీద విన్నదే.

ఇప్పుడు పగలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు పిల్లలకు సంగీతం. రెంటికీ ఆధారం చెవే. ఒకసారి అడ్తి దుకాణాల లెక్కల కోసం ప్రోగ్రాము రాశాం. ఒక గుమాస్తా ఫోన్ చేసి "తూకం తప్పొస్తుంది సార్" అన్నాడు. మావాళ్లు కోడ్ అంతా వెతికారు, తప్పు దొరకలేదు. ఆయన్ను పూర్తిగా మాట్లాడనిస్తే సంగతి తేలింది. ఆయన సంచి బరువు ముందే తీసేసి అంకె వేస్తున్నాడు, మా ప్రోగ్రాము మళ్లీ తీసేస్తోంది. ఆయన పని పద్ధతి మేం ముందుగా విని ఉంటే ఆ ఫోనే వచ్చేది కాదు.

ఇన్ని పనులేమిటని అడిగేవాళ్లకు నేను డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి పేరు చెబుతాను. కర్నూలు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన వైద్యుడు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులను తయారుచేసిన గురువూ ఆయనే. కీర్తనలకు స్వరలిపి రాసి "సంగీత సౌరభం" సంపుటాలుగా ఇచ్చారు. 1984లో పద్మభూషణ్ అందుకున్నారు. నూరేళ్ల దగ్గర దాకా బతికి 2013లో వెళ్లిపోయారు. వైద్యం ఆయన సంగీతానికి అడ్డు రాలేదు. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో కూడా వారమంతా ఉద్యోగాలు చేసేవాళ్లే సెలవునాడు తెలుగు పంతుళ్లవుతున్నారు.

మా వైపు పసుపు సాళ్ల మధ్య మక్క వేస్తారు. దసరా వేళకు మక్క ఇంటికి వస్తుంది, పసుపు భూమిలో పెరుగుతూనే ఉంటుంది. అయితే రెండు పంటలు మోసే చేనుకు ఎరువు ఎక్కువ వెయ్యాలి. పనుల సంగతీ అంతే. ఉద్యోగం జీతం తెస్తుంది, సంగీతం నెమ్మదిగా లోపల ఊరుతుంది. రెండూ నిలవాలంటే సాధనకు రోజూ ఒక వేళ కేటాయించాలి, నిద్రను దోచుకోకూడదు, డబ్బు రాని పనిని చిన్నచూపు చూడకూడదు.

2016 ఏప్రిల్‌లో దేశంలో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లలో మా నిజామాబాద్ ఒకటి. ఇప్పుడు పసుపు బేరం కంప్యూటర్‌లో నడుస్తోంది. ఆర్మూర్ పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడం మామూలైపోయింది. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఉద్యోగం దొరికిందని నేర్చిన పాట మానకండి. ఊరికి వచ్చినప్పుడల్లా ఒక గంట అక్కడి పిల్లలకివ్వండి. పాటైనా, లెక్కలైనా, ప్రోగ్రామింగైనా సరే. చెప్పేముందు వాళ్లను మాట్లాడనిచ్చి, వినండి.